క్వారీ గుంటకు చేపలు తిరిగొచ్చిన ఏడాది

రెండేళ్ల కిందట, వానలు ఆలస్యంగా మొదలై ఆ తర్వాత ఒక్కసారిగా దంచేసిన ఏడాది. వత్సవాయి దాటాక వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మధ్యాహ్నం ఓపీ అయిపోయింది. పక్క గదిలో టిఫిన్ బాక్సులు తెరుస్తున్న చప్పుడు, గోంగూర వాసన. పొద్దున తీసిన స్లైడుల్లో చివరిదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్నా. లేత నీలం రంగులో చిన్న ఉంగరం కనబడింది. దాని అంచున ఎర్రటి చుక్క, ఉంగరానికి రాయి పొదిగినట్టు.

కన్ను తీసి, కిటికీలోంచి బయటి పచ్చదనాన్ని కాసేపు చూసి, మళ్లీ కన్ను పెట్టా. అక్కడే ఉంది. స్లైడు కొంచెం జరిపా. ఇంకో ఉంగరం.

స్లైడు చివర రాసిన పేరు చూశా. జెస్సీ, ఆరేళ్లు. అప్పుడు భయం వేసింది.

మలేరియా పరాన్నజీవిని చూసి భయపడే దశ నాకు ఎప్పుడో దాటిపోయింది. ఏడాదికి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. పనికోసం మన్యం వైపు వెళ్లొచ్చినవాళ్లు, ఎక్కడో కాలవ పనులు చేసి తిరిగొచ్చినవాళ్లు జ్వరంతో వస్తారు. మందులిస్తాం, తగ్గిపోతుంది. ఆ పరాన్నజీవి మా ఊళ్లకు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. దాన్ని ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మోసే దోమ ఇక్కడ పెద్దగా లేదు కాబట్టి అది కాపురం పెట్టలేకపోయేది. కానీ ఈ పిల్ల సంగతి వేరు. పొద్దున వేలికి సూది గుచ్చేటప్పుడు, అందరినీ అడిగినట్టే వాళ్లమ్మ సునీతనీ అడిగా.

"ఈ మధ్య పాపని ఎక్కడికైనా తీసుకెళ్లావా?"

"ఎక్కడికండీ? దీనికి జగ్గయ్యపేట బస్టాండే బొంబాయి."

"మీ ఇంటికి బయటి ఊరి చుట్టాలెవరన్నా వచ్చారా?"

"వస్తే కోడి కొయ్యాలి కదండీ. ఎవర్నీ రానివ్వలా," అని నవ్వింది. అప్పటికి ఆమె ఏడో నెల గర్భిణి. పత్తిచేలల్లో కలుపు తీసే పనికి ఇంకా వెళ్తూనే ఉంది. చీర కొంగుతో పిల్ల నుదురు తుడుస్తూ, "సూదికి ఏడవలేదని మేడంకి చెప్పు," అంది. నిజంగానే ఏడవలేదు. నా పెద్దాడిది కూడా అదే వయసు. వాడైతే ఆసుపత్రి గేటు దగ్గరే రాగం మొదలెడతాడు.

ఊరు దాటని పిల్ల రక్తంలో మలేరియా ఉందంటే, దాన్ని మోసిన దోమ ఆ ఊళ్లోనే పుట్టింది. దానికి అక్కచెల్లెళ్లు కూడా ఉంటారు.

స్లైడు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లా. ఆయన కొత్తగా చేరిన కుర్రాడు. అన్నం ముద్ద చేతిలో ఉంది.

"స్టెయిన్ మచ్చ అయి ఉంటుందమ్మా. ఈ సీజన్లో అన్నీ వైరల్ జ్వరాలే," అన్నారు. స్టెయిన్ అంటే రక్తకణాలు కనబడటానికి మేం వేసే రంగు. అది సరిగా కడగకపోతే మచ్చలు మిగులుతాయి, కొత్తవాళ్లు వాటినే పరాన్నజీవులనుకుంటారు.

"నేను కడిగిన స్లైడు సార్. మచ్చ ఉండదు," అన్నా. అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చారు. చాలాసేపు చూశారు. "వైవాక్సే," అన్నారు చివరికి. మలేరియాలో అదొక రకం. ప్రాణం తీయడం తక్కువే గానీ మొండిది. కాలేయంలో దాక్కుని, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే రక్తంలో పురుగుకి ఒక మందు, కాలేయంలో దాక్కున్నదానికి రెండు వారాల మాత్ర విడిగా ఇస్తాం. ఆ రెండో మాత్ర గర్భిణులకు ఇవ్వకూడదు.

"పాప ఊరు దాటలేదు సార్," అన్నా.

ఆయన మరోసారి లెన్సులోకి చూశారు. తర్వాత మెల్లగా, "తల్లి కడుపుతో ఉంది కదా," అన్నారు.

అదే నా గుండెలో కూర్చుంది. గర్భిణికి మలేరియా వస్తే తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, కొన్నిసార్లు బిడ్డే దక్కదు. జెస్సీ పడుకునే మంచంలోనే సునీత పడుకుంటోంది. ఆ ఇంట్లో తిరిగే దోమలు ఇద్దరినీ కుడుతున్నాయి.

మర్నాటి నుంచి ఆశా కార్యకర్త కోటమ్మక్క ఇల్లిల్లూ తిరిగింది. జ్వరం ఉన్నవాళ్ల దగ్గర, ఈమధ్య జ్వరం వచ్చి తగ్గినవాళ్ల దగ్గర రక్తం తీశాం. సునీత వాళ్ల వీధిలోనే ఇంకో నలుగురికి పాజిటివ్ వచ్చింది. సునీతకి నెగెటివ్. డాక్టరు గారు జిల్లాకి కబురు పెట్టారు. వాళ్లు మందులు, దోమతెరలు వెంటనే పంపించారు. ఇళ్ల గోడలకు మందు కొట్టే బృందం వచ్చే వారం వస్తుందన్నారు. సునీత మంచానికి మొదటి దోమతెర కోటమ్మక్క తన చేతుల్తో కట్టింది. "సాయంత్రం దీపం పెట్టే వేళకే ఇందులో దూరాలి. బయటికొచ్చావో, నీ అత్తకంటే నేనే గయ్యాళిని," అని బెదిరించింది.

దోమ ఎక్కడ పుడుతోందో చూడటం నిజానికి నా పని కాదు. దానికి వేరే ఉద్యోగులున్నారు. కానీ అప్పుడు ఉన్న ఒక్కాయన నాలుగు మండలాలు తిరగాలి. ఆయన వచ్చేదాకా ఆగడం నా వల్ల కాలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో మా పిల్లల ఒళ్లు గంటకోసారి చెయ్యి పెట్టి చూశా. మా ఆయన, "నీ చెయ్యే వేడిగా ఉంది, వాళ్లు చల్లగానే ఉన్నారు," అని నవ్వారు. నాలుగో రోజు డ్యూటీ అయ్యాక స్కూటీ మీద కోటమ్మక్కని ఎక్కించుకుని ఊళ్లోకి వెళ్లా. చేతిలో పొడుగు కాడ ఉన్న తెల్లటి గరిటె. దాన్ని డిప్పర్ అంటారు. నీళ్లు ముంచి, తెల్లటి అడుగు మీద దోమ పిల్లలు కనబడతాయేమో చూస్తాం.

మురుగు కాలవల్లో దోమ పిల్లలున్నాయి. అవి నీటి పైపొరకు తోక ఆనించి తలకిందులుగా వేలాడుతున్నాయి. అది రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టే మామూలు మురుగు దోమ. మలేరియా దోమ పిల్ల అలా వేలాడదు. నీటి మీద చాప పరుచుకుని పడుకున్నట్టు, అడ్డంగా పడుకుంటుంది. దానికి మురుగు నచ్చదు. తేటగా, కదలకుండా నిలిచిన నీళ్లు కావాలి.

"తేట నీళ్లంటే క్వారీ గుంటే అమ్మాయ్," అంది కోటమ్మక్క. "కానీ దాంట్లో దోమలుండవు. నువ్వు ఉద్యోగంలో చేరకముందే దాంట్లో దోమ పిల్లల్ని తినే చేపలు వదిలాం. నేనే బిందెతో మోశా."

మా వైపు నేల కింద సున్నపురాయి ఉంది. రాయి తీసినంతకాలం తీసి వదిలేసిన గుంటలు ఊళ్ల చివర అక్కడక్కడా ఉంటాయి. ఒకప్పుడు మేకలు మేసిన మెరక ఇప్పుడు మడుగు. సునీత వాళ్ల వీధి వెనకే అలాంటివి రెండున్నాయి. మధ్యలో మట్టి బాట. ఈ చివరిది పంచాయతీది, ఆ చివరిది నాగేశ్వరరావు గారనే రైతు పొలంలో ఉంది.

పంచాయతీ గుంటలో గరిటె ముంచి తీశా. తెల్లటి అడుగు మీద సన్నటి నల్ల గీతలు, అన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఒక్క గరిటెలో లెక్కపెట్టడానికి కూడా వీల్లేనన్ని. నీడ పడగానే చటుక్కున పక్కకు జరుగుతున్నాయి. చేప ఒక్కటి లేదు.

"చేపలేమయ్యాయక్కా?"

కోటమ్మక్క గుంట వైపు, ఆకాశం వైపు చూసింది. "ఎండాకాలంలో తెల్లగా తేలాయన్నారు పిల్లలు. ఎండకు చచ్చాయనుకున్నాం."

బాట దాటి నాగేశ్వరరావు గారి గుంటకు వెళ్లాం. అదే రాయి, అదే వాన, అదే ఎండ. గరిటె ముంచితే ఖాళీగా వచ్చింది. ఇంకోసారి ముంచా. వేలి గోరంత చేప ఒకటి గరిటెలోకి వచ్చి, గబుక్కున గెంతి పోయింది. నీటి మీద తూనీగలు అటూ ఇటూ ఎగురుతున్నాయి. పంచాయతీ గుంట మీద ఒక్క తూనీగ కూడా లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తూనీగ పిల్లలు కూడా నీళ్లలోనే పుడతాయి, దోమ పిల్లల్ని తినే పెరుగుతాయి.

నందిగామలో డిగ్రీ చదివేటప్పుడు మా జువాలజీ మేడం బోర్డు మీద రెండు అలలు గీసేవారు. ఒకటి తిండిది, ఒకటి తినేదానిది. తిండి పెరిగితే తినేది పెరుగుతుంది, తినేది పెరిగితే తిండి తగ్గుతుంది, ఒకదాని వెనక ఒకటి. పది మార్కుల ప్రశ్న. కంఠతా పట్టి రాసేశా, మర్చిపోయా. ఆ సాయంత్రం బాటకు అటూ ఇటూ ఆ బొమ్మే నా కళ్ల ముందు నిలబడింది. కాకపోతే పంచాయతీ గుంట వైపు బొమ్మలో తినేదాని అలని ఎవరో తుడిచేశారు.

ఎవరు తుడిచారో మర్నాడు తెలిసింది. తుడిచినాయనే గర్వంగా చెప్పాడు.

సర్పంచి ప్రసాదరావు గారు మంచి మనిషి. ఊరికి ఏదైనా చెయ్యాలన్న తపన ఉన్నవాడు. మా వైపు ఊళ్లల్లో ఏ రోగమొచ్చినా ముందు గుర్తొచ్చేది బ్లీచింగ్ పౌడరు. విరేచనాలైనా బ్లీచింగే, డెంగీ అయినా బ్లీచింగే, మంత్రి గారు వస్తున్నా బ్లీచింగే. రోడ్డుకి రెండు పక్కలా తెల్లటి గీత పడితే పంచాయతీ పని చేస్తోందని అర్థం. ఎండాకాలంలో గుంటలో నీళ్లు అడుగంటి వాసన వేస్తుంటే, ఆయన ట్రాక్టరు మీద బస్తాలు తెప్పించి గుంటలో పోయించాడు. మిగిలిన కాసిని నీళ్లలో అంత మందు. చేపలన్నీ తేలిపోయాయి. తర్వాత వానలొచ్చాయి, గుంట తేటనీళ్లతో నిండింది. తినేవాడు లేని ఇల్లు దోమకి దొరికింది.

మేం వెళ్లేసరికి పంచాయతీ ఆఫీసు ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కు నిండా బస్తాలు.

"రండి మేడం. జ్వరాలన్నారుగా. ఈసారి డబుల్ డోసు," అన్నాడు ప్రసాదరావు గారు.

ఆయన కుర్చీలో, చుట్టూ మనుషులు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, అదీ కాంట్రాక్టు మీద. "సర్పంచి గారూ, దయచేసి గుంటలో పొయ్యొద్దు," అన్నా.

"అదేంటి? రోగం తగ్గొద్దా?"

"పోస్తే ఇప్పుడున్న దోమ పిల్లలు చావొచ్చు. కానీ ఎండకి నాలుగు రోజుల్లో మందు పవరు పోతుంది. మళ్లీ దోమ వచ్చి గుడ్లు పెడుతుంది. వాటిని తినే చేప మాత్రం రాదండీ. దోమకి రెక్కలున్నాయి. చేపకి లేవు."

పక్కనున్నవాళ్లలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ప్రసాదరావు గారి మొహం ఎర్రబడింది.

"అమ్మాయ్, నువ్వు రక్తం చూసేదానివి. నీళ్ల సంగతి మాకొదిలెయ్. నేను మందు పోయించడం వల్ల జ్వరాలొచ్చాయంటావా?"

అక్కడ అవునని అంటే ఆయన ఆ జన్మలో నా మాట వినడు. కాదంటే అబద్ధం. "మీరు ఊరి మంచికే చేశారండీ. నేనూ మా ఇంట్లో అదే చేస్తా. రోజూ ఫినాయిల్, వారానికోసారి బ్లీచింగ్. సాలెపురుగు కనబడితే చీపురు తీస్తా," అన్నా. అదీ నిజమే. "నా మాట నమ్మొద్దు. ఒక్కసారి నాతో వచ్చి మీ చేత్తో గరిటె ముంచండి. రెండు గుంటల్లోనూ. తర్వాత మీ ఇష్టం. ట్రాక్టరు ఎక్కడికీ పోదు కదా."

"వెళ్లండి సర్పంచి గారూ," అంది కోటమ్మక్క. "గరిటె ముంచితే పదవి పోదుగా."

ఆయన వచ్చాడు. పంచాయతీ గుంటలో ముంచి, గరిటెలోకి చూసి, "ఛీ," అన్నాడు. ఆ నీళ్లను పక్కన రాళ్ల మీద పారబోశాడు. బాట దాటేచోట ఆగిపోయాడు.

"ఆ గుంట దగ్గరికి నేను రాను."

సంగతి ఏంటంటే, నాగేశ్వరరావు గారు ఆయనకి స్వయానా బావ, అక్కగారి భర్త. ఎన్నికల్లో బావ ఇంటి ఓట్లు తనకి పడలేదని ప్రసాదరావు గారికి అనుమానం. అప్పట్నుంచి మాటల్లేవు. పైగా ఎండాకాలంలో ట్రాక్టరు ఆయన గుంట దగ్గరికీ వస్తే నాగేశ్వరరావు గారు అడ్డం నిలబడ్డాడట. ఆయనకి చేపల మీద ప్రేమేమీ లేదు. ఆ నీళ్లతోనే మిరప నారు పెంచుతాడు. "నా నారు మాడిపోతే మీ సర్పంచి మొలిపిస్తాడా?" అని ట్రాక్టర్ని వెనక్కి తోలించాడు. ఆ మొండితనమే ఆ ఊళ్లో చేపల విత్తనాన్ని మిగిల్చింది.

నాగేశ్వరరావు గారు నారుమడి గట్టు మీదే ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, బావమరిదిని చూడనట్టే ఉన్నాడు. నేను గరిటె ముంచి, నీళ్లు చిందకుండా బాట మీదికి తెచ్చి ప్రసాదరావు గారికి చూపించా. ఖాళీ. మళ్లీ వెళ్లి తెచ్చా. మూడోసారి ఆయనే విసుగొచ్చి, "ఇటివ్వు," అని గట్టు దిగి ముంచుకున్నాడు. ముంచి చూశాడు, మళ్లీ ముంచాడు.

"ఈ నీళ్లలో ఏం కలిపాడు?" అన్నాడు నాతో.

"ఏమీ కలపలేదని చెప్పమ్మా," అన్నాడు అవతలి నుంచి బావ, అదీ నాతోనే.

"అవే చేపలు సర్పంచి గారూ. ఇక్కడ మిగిలాయి. వీటిని పట్టి మన గుంటలో వదిలితే, నెల తిరిగేసరికి పిల్లలు పెడతాయి. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి."

"అయితే వాళ్లనడుగు, ఇస్తారేమో."

"ఇస్తా," అన్నాడు నాగేశ్వరరావు గారు. "కానీ వాడే వచ్చి పట్టుకోవాలి. నా గుంట వాసన కొడుతోందన్నాడుగా ఎండాకాలంలో. దిగమను."

ప్రసాదరావు గారి చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది. అప్పుడే వీధి చివర నుంచి సునీత వచ్చింది, జెస్సీ చెయ్యి పట్టుకుని. గుంట గట్టు మీద పంచాయితీ జరుగుతోందంటే చూడ్డానికి వచ్చినట్టు వచ్చింది. జెస్సీకి జ్వరం దిగింది గానీ మొహం ఇంకా పాలిపోయి ఉంది. ప్రసాదరావు గారు ఆ పిల్లని చూశాడు. సునీత కడుపు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు.

వల ఎక్కడిదని వెతుక్కుంటుంటే కోటమ్మక్క తన సంచిలోంచి దోమతెర తీసింది. మందు పూయని మామూలుది, పంచగా మిగిలిందట. దోమతెర ఒక చివర సర్పంచి పట్టుకున్నాడు. రెండో చివర పట్టడానికి నేను గట్టు దిగబోతుంటే, "నువ్వు పడతావమ్మా, అక్కడ లోతు," అంటూ నాగేశ్వరరావు గారు లుంగీ ఎగ్గట్టి దిగాడు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా నీళ్లలో నడిచారు.

"ఎత్తరా," అన్నాడు బావ.

"నువ్వు ముందెత్తు బావా, నీ వైపు నించి జారిపోతున్నాయి."

ఎన్నికల తర్వాత వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవేనని కోటమ్మక్క నా చెవిలో చెప్పింది. దోమతెర పైకి లేచేసరికి దాంట్లో చిన్న చిన్న వెండి ముక్కల్లా చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. బకెట్లతో, బిందెలతో వీధి వీధంతా మోసింది. జెస్సీ ఒక చెంబుతో మోసింది. నీళ్లు సగం తన గౌను మీదే పడ్డాయి.

వీధిలోవాళ్లు కొందరు ఆ చేపల్ని మున్నేట్లో కూడా వదులుదామన్నారు. అప్పుడు మాత్రం గట్టిగా వద్దన్నా. ఇవి మన ఏటి చేపలు కావు, బయట నుంచి తెచ్చినవి. ఏట్లో వదిలితే అక్కడి చేపల గుడ్లనీ పిల్లల్నీ కూడా తినేస్తాయి. నాలుగు పక్కలా రాయి ఉన్న గుంటలో ఉన్నంతకాలమే ఇవి మన పనివాళ్లు. ఒకచోట మేలు చేసింది ఇంకోచోట చేటు చెయ్యొచ్చు. బ్లీచింగ్ కూడా అంతే. తాగే నీళ్ల ట్యాంకులో అది ప్రాణదాత.

బస్తాలు ఆ ట్యాంకుకే వెళ్లాయి. ఇళ్ల గోడలకు మందు కొట్టే బృందం వచ్చి వెళ్లింది. రెండు వారాల మాత్ర జ్వరం తగ్గగానే ఆపేయకుండా కోటమ్మక్క రోజూ ఇంటికెళ్లి తన కళ్ల ముందే మింగించింది. నేను వారానికోసారి గరిటె పట్టుకుని వెళ్లేదాన్ని. మొదటి వారం గరిటెలో తేడా కనబడలేదు. ప్రసాదరావు గారు ఫోన్ చేసి, "ఏమ్మా, నీ చేపలు డ్యూటీకి రాలేదా?" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. నా మాట మీద ట్రాక్టరు ఆగింది. ఇంకెవరికైనా జ్వరమొస్తే? సునీతకొస్తే? రెండో వారం తగ్గాయి. నెల దాటాక గరిటె పదిసార్లు ముంచినా ఖాళీగా వచ్చింది. గుంట అంచున పచ్చటి నాచు పక్కన సన్నటి చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి.

ఆ తర్వాత ఒక పొద్దున సునీత జ్వరంతో వచ్చింది. నెలలు నిండాయి. ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూసి, "దోమతెరలోనే పడుకుంటున్నానండీ. కోటమ్మక్కనడగండి," అంది ముందుగానే, తప్పు చేసిన పిల్లలా.

వేలు పట్టుకుని సూది గుచ్చా. స్లైడు ఆరబెట్టా, రంగు వేశా, కడిగా. మా పద్ధతి ప్రకారం నెగెటివ్ అని చెప్పాలంటే వంద ఫీల్డులు చూడాలి. ఫీల్డు అంటే లెన్సులో ఒక్కసారికి కనబడే గుండ్రటి మేర. వంద అయ్యాయి. ఏమీ లేదు. నమ్మకం కుదరలేదు. మళ్లీ మొదటి నుంచి చూశా. ఓపీలో వాళ్లు తలుపు దగ్గర గొణుగుతున్నారు. డాక్టరు గారు వచ్చి వెనక నిలబడ్డారు గానీ తొందర పెట్టలేదు.

"లేదు సార్," అన్నా.

"మీరు కడిగిన స్లైడు కదా. లేదంటే లేదు," అన్నారు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అది. మందులతో రెండు రోజుల్లో తగ్గింది. మరుసటి వారం నందిగామ ఆసుపత్రిలో సునీతకి మగపిల్లాడు పుట్టాడు. మంచి బరువున్నాడు. సాయంత్రం కోటమ్మక్క ఫోన్ చేసి ఆ బరువు ఏదో బంగారం ధర చెప్పినట్టు చెప్పింది. జెస్సీ ఫోన్ లాక్కుని, "మేడం, తమ్ముడు కూడా సూదికి ఏడవలేదు," అని అబద్ధం చెప్పింది. ఆ ఏడాది ఆ ఊళ్లో మళ్లీ మలేరియా స్లైడు నా కంట పడలేదు.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మైక్రోస్కోపులో కనబడే ఉంగరం కథలో ఆఖరి పేజీ. మొదటి పేజీలు బయట ఉంటాయి. రాయి తవ్వితే గుంట వస్తుంది, వాన ఆలస్యమైతే గుంట ఎండుతుంది, మందు పోస్తే చేప చస్తుంది, వాన మళ్లీ దంచితే దోమ పుడుతుంది. మనం చేసే ప్రతి మార్పునీ ఏదో ఒక ప్రాణి వాడుకుంటుంది, ఏదో ఒకటి బలైపోతుంది. తొందరగా పుట్టేది ముందు తిరిగొస్తుంది. నిదానంగా పెరిగేదాన్ని మనమే చేతులతో మోసుకురావాలి. ఆ మోతలో నా చెయ్యి కూడా ఉందని గర్వంగానే చెప్పుకుంటా. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా లేచి వెళ్లి రెండుసార్లు వాళ్ల నుదుళ్ల మీద చెయ్యి పెట్టొచ్చా. ఆ అలవాటు పోయేది కాదు. కానీ మా ఇంట్లో గోడ మూల సాలెపురుగు మీద చీపురు ఎత్తడం మాత్రం మానేశా.

సునీత బిడ్డ పుట్టిన మర్నాడు పొద్దున్నే నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, డాబా మీద మా పిల్లలిద్దరూ ఒక తూనీగని పట్టుకున్నారు. పెద్దాడు దాని తోకకి దారం కడుతున్నాడు, చిన్నది కదలకుండా రెక్కలు పట్టుకుంది. మా చిన్నప్పుడు మేమూ కట్టినవాళ్లమే. పక్కన కూర్చుని దారం ముడి విప్పా.

"ఎందుకమ్మా?" అన్నాడు వాడు, ఏడుపు మొహంతో.

"అది కూడా అమ్మలాగే డ్యూటీకి వెళ్తోంది నాన్నా," అన్నా. "లేటవుతుంది. వదిలేయండి."